కిటికీ సీటు అడిగి తీసుకున్నాను

2006 జూలైలో ఒక గురువారం, తెల్లవారి ఐదుంబావుకు, మద్రాసు విమానాశ్రయంలో మంచినీళ్ల కుళాయి దగ్గర నిలబడి షుగర్ గోళీ వేసుకున్నాను. రోజూ ఆ వేళకే వేసుకుంటాను. ఇంట్లో అయితే అరగంట తర్వాత ఏదో ఒకటి తింటాను. ఆ రోజు తినలేదు. అంతకుముందు రోజు మధ్యాహ్నం నుంచే తినడం ఆపేశాను.

మా ఇళ్లల్లో ప్రయాణమంటే పస్తు. బస్సు ఎక్కితే కడుపులో తిప్పే కుటుంబంలో పుట్టినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మా అమ్మ మమ్మల్ని పెళ్లికి తీసుకుపోయినా, జాతరకు తీసుకుపోయినా, ముందురోజు నుంచే అన్నం కుండ మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. కడుపులో ఏమీ లేకపోతే బయటికి వచ్చేదీ ఏమీ ఉండదని ఆమె లెక్క. నాకు అప్పటికి యాభైమూడేళ్లు వచ్చాయి. వనపర్తి గ్రంథాలయంలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. అయినా ఈ అలవాటు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఇది రాయమని నన్నెవరూ అడగలేదు. భయం గురించి రాసిన పుస్తకాలు మా అరల్లో కొన్ని ఉన్నాయి. అవసరం వచ్చాక అన్నీ చదివాను. వాక్యాలు బాగున్నాయి. ఒక్కటీ పనికి రాలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కొంత నా మనసు ఒకచోట నిలవడానికి, కొంత నేను చేసింది ఇంకొకరు చేయకుండా ఉండటానికి.

2005 నవంబరులో నా భార్య జయమ్మ చనిపోయింది. బి.పి. గోళీలు నెల రోజులు మానేసింది. ఒంట్లో బాగానే ఉంది కదా అన్నది. ఒక ఉదయం వంటింట్లో పడిపోయింది. మూడో రోజుకు అయిపోయింది. అప్పటికి మా ఒక్కగానొక్క కూతురు సుజాత పెళ్లయి పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. అల్లుడు రమేష్‌ది నాగర్‌కర్నూల్. పాలిటెక్నిక్ చదివి, సునామీ తర్వాత అక్కడ ఇళ్లు కట్టించే ఒక గుత్తేదారు దగ్గర సూపర్‌వైజరుగా చేరాడు. మన పాలమూరు కూలీలను ఓడలో తీసుకుపోయి పని చేయించేవాడు.

మరుసటి వేసవికి సుజాత కడుపుతో ఉందని తెలిసింది. తొలి కాన్పుకు బిడ్డను ఏడో నెలలో పుట్టింటికి తెచ్చుకోవడం తల్లి పని. ఆ తల్లి లేదు. సలహా కోసం గద్వాలలో ఉన్న మా వదిన బాలమ్మ దగ్గరికి వెళ్లాను. జయమ్మకు అక్క. మగ్గాల ఇల్లు. నేను వెళ్లేసరికి రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. చెయ్యి ఆపకుండానే మాట్లాడింది.

"నేనే పోదును మరిదీ. మోకాళ్లు లెవ్వనిస్తలెవ్వు. ఇంకోటి, గాల్లకు ఎక్కుడంటే నాతోని కాదు. నువ్వే పోవాలె."

"నేను మాత్రం ఎన్నడు ఎక్కిన వదినా."

"బస్సెక్కుతవ్, రైలెక్కుతవ్. గది గూడ గంతే. ఎనిమిదో నెల పడకముందే తేవాలె, ఎనిమిదిల కదిలియ్యొద్దు. గా విమానమోళ్లు గూడ నెలలు నిండినంక ఎక్కనియ్యరంట గద."

"వాంతులైతే?"

"ముందునాడు పగటి నుంచే ఏం ముట్టకు. ఉత్త నీళ్లు తాగు."

"షుగర్ గోళీ ఉంది గద నాకు."

అప్పుడు రాట్నం ఆపింది. "గోళి మాత్రం తప్పియ్యకు. మా చెల్లె గోళీలు తప్పిచ్చే గద గట్ల పాయె" అంది.

ఆ రెండు మాటలూ తు.చ. తప్పకుండా పాటించాను. తినలేదు. గోళీ మానలేదు.

విమానం లేచేటప్పుడు ఏమీ కాలేదు. ముప్పావు గంట తర్వాత బెల్టు దీపం వెలిగింది. వానాకాలం, కింద సముద్రం, చుట్టూ మబ్బు. బస్సు గుంతలో పడితే కింద నేల ఉందని ఒంటికి తెలుసు. ఇక్కడ విమానం దిగజారితే సీటు కింద ఏమీ లేదని ఒంటికే తెలిసిపోతుంది. ముందు చేతులు వణికాయి. తర్వాత చొక్కా వీపుకు అంటుకుపోయింది. నాలుక మొద్దుబారింది. ఎదుటి సీటు వెనుక ఉన్న అక్షరాలు చదవాలని చూశాను, చదవలేకపోయాను. చదవడమే వృత్తిగా బతికినవాణ్ని, నాలుగు అక్షరాలు కలుపుకోలేకపోయాను. చనిపోతున్నానని నిశ్చయంగా అనుకున్నాను. ఆ తర్వాత ఏమీ లేని కడుపులోంచి పసుపుపచ్చ నీళ్లు వచ్చాయి. కాగితం సంచిలో సగం, ప్యాంటు మీద సగం.

పక్కనాయన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు. ఆయన్ను తప్పు పట్టను. నేనైనా అదే చేసేవాణ్ని. కాస్త కుదుపు తగ్గాక విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి, ఒళ్లో కాగితాలు పరిచి, తియ్యటి నారింజ రసం చేతిలో పెట్టింది. తాగిన కాసేపటికి చేతుల వణుకు ఆగింది. మబ్బులు దాటాం కాబట్టి అనుకున్నాను.

పోర్ట్‌బ్లెయిర్‌లో పదహారు రోజులు ఉన్నాను. నలుగురూ ఆ ఊరి సముద్రం గురించి అడుగుతారు. నేను సముద్రం చూడలేదు. రమేష్ వాళ్ల గది మీదుగా రోజుకు నాలుగైదు విమానాలు వెళ్లేవి. ఒక్కొక్కదాని శబ్దానికి అరచేతులు తడిసేవి. పళ్లెంలో అన్నం ఉన్నా చేతికి చెమట. నా ఒంటి మీద నాకే రోత పుట్టింది. ఇన్నేళ్లు చెప్పిన మాట విన్న శరీరం, ఒక్క రోజులో పరాయిది అయినట్టు.

ఒకనాడు రమేష్‌ను వాకిట్లోకి పిలిచి ఓడ సంగతి అడిగాను.

"ఓడనా మామ? మూడు నాలుగు దినాలు పడుతది. అలలకు మన లేబరోళ్లే అడ్డం పడిపోతరు. సుజాతను గిప్పుడు ఎక్కించుకోరు గూడ."

"ఆమెను నువ్వు విమానంల తీస్కరా. నేను ఓడల వస్త."

"నాకు సెలవియ్యరు మామ. దీపావళి దాంక కదలనియ్యరు." నవ్వు దాచుకుంటూ అడిగాడు. "ఏంది, భయమయిందా?"

"భయమేంది. ఊరికె అడిగిన" అన్నాను.

సుజాత కూడా అడిగింది. తను విమానం ఎక్కవచ్చని రాయించుకున్న డాక్టరు చీటీ గడువు ఆ వారంతో అయిపోతుంది. మంచం మీద బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా అడిగింది. "నాయిన, నిజం జెప్పు. నీకు చాతగాకుంటే చెప్పు. ఈడనే కంట. ఈడ గూడ దవాఖాన ఉంది."

చాతకాదు అని ఉంటే సరిపోయేది. తల్లి లేని బిడ్డను తెచ్చుకోలేకపోయాడని గద్వాలలో అంటారని, నాగర్‌కర్నూల్‌లో వియ్యంకులు అంటారని ఆలోచించాను. "నాకేం కాలే బిడ్డా" అన్నాను. ఆ అబద్ధం చెప్పింది ఏ జబ్బూ కాదు. ఆ పూట కడుపు నిండా తిని, స్థిమితంగా కూర్చుని చెప్పాను.

తిరుగు ప్రయాణానికి ముందు మరింత గట్టిగా పస్తు ఉన్నాను. పోయినసారి వాంతి అయింది కదా, ఈసారి నీళ్లు కూడా తగ్గించాను. గోళీ వేళకు వేసుకున్నాను. విమానాశ్రయంలో సీట్లు ఇచ్చే దగ్గర నాకు కిటికీ పక్కన కావాలని అడిగాను. బస్సులో వాంతి చేసుకునేవాడికి కిటికీ ఇస్తారు. తల బయటికి పెట్టుకోవడానికి. తెరుచుకోని కిటికీ పక్కన కూర్చుని ఏం చేద్దామనుకున్నానో ఇప్పుడు ఎంత ఆలోచించినా తెలియదు. సుజాత మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నడవా పక్క సీటు తీసుకుంది. మధ్య సీటు ఖాళీ.

గంట గడిచాక మళ్లీ అదే మొదలైంది. ఈసారి కుదుపులు పోయినసారి కంటే తక్కువే అని సుజాత తర్వాత చెప్పింది. నా చెవుల్లో హోరు. కళ్ల ముందు చీకట్లు. బెల్టు విప్పేసుకుని లేచాను.

"ఆపండి. దిగుత. నేను ఈడనే దిగుత" అని అరిచాను. మా వనపర్తి పక్కనున్న గోపాల్‌పేట దగ్గర ఆర్టీసీ బస్సు ఆపమన్నట్టు. విమానంలో కొందరు నవ్వారు. ఆ నవ్వు నాకు వినిపించింది.

సుజాత నా చెయ్యి పట్టుకుంది. "కూసో నాయిన. అయిపోతది, కూసో."

నాకు నడవాలోకి పోవాలి. నడవాకూ నాకూ మధ్య ఆమె ఉంది. మధ్య సీటు దాటి ఆమె మీదుగా కాలు వేశాను. విమానం ఊగింది. నా మోకాలు ఆమె కడుపు మీద పడింది. ఒళ్లంతా ఆ మోకాలి మీదే పడింది. "అమ్మా" అంది. గట్టిగా కాదు. నేను విన్నాను. విని కూడా ఆగలేదు. ఆమె భుజం పట్టుకుని, ఇంకో కాలు కూడా అటు వేయబోయాను.

ఇద్దరు వచ్చి నన్ను పట్టి వెనక్కి కూర్చోబెట్టారు. మళ్లీ పచ్చటి నీళ్లు. ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, రెండో చేత్తో సంచి నా నోటి ముందు పట్టుకున్నది సుజాతే. వంగలేక వంగి పట్టుకుంది. నా పెదాలు ఆమె తుడిచింది. ఎవరో చక్కెర వేసిన టీ తెచ్చి తాగించారు.

మద్రాసులో దిగాక విమానాశ్రయంలోని డాక్టరు ఆమె కడుపు మీద గొట్టం పెట్టి విని, బిడ్డ గుండె కొట్టుకుంటోంది, అయినా మీ ఊరు వెళ్లగానే చూపించుకోండి అన్నాడు. గద్వాల దాకా రైల్లో ఆమె నాతో మూడు మాటలు మాట్లాడింది. నీళ్ల సీసా ఎక్కడుందని. టికెట్లు జేబులో ఉన్నాయా అని. కాసేపు అటు జరగమని.

వదిన ఆమెను లోపలికి తీసుకుపోయి చూసి బయటికి వచ్చింది. "గిట్లనా మరిదీ తెచ్చేది" అంది.  కమిలిన చోటు గురించి తర్వాత ఆమె చెప్పగా విన్నాను. ఒక తండ్రి చూడదగిన చోటు కాదు.

మూడో రోజు నెత్తురు కనబడింది. వదినకు నమ్మకమున్న డాక్టరమ్మ నాగర్‌కర్నూల్‌లో ఉంది. అక్కడ చేర్చాం. డాక్టరమ్మ నాతో పరుషంగా ఏమీ అనలేదు. కదలకుండా పడుకోబెట్టాలి, నెలలు నిండేదాకా ఏమీ చెప్పలేను అంది. బిడ్డ దక్కుతుందా అని అడగడానికి నాకు నోరు రాలేదు. వదినే అడిగింది. చూద్దామన్నది డాక్టరమ్మ. ఆగస్టు, సెప్టెంబరు నెలలు ఆ చూద్దాంలోనే గడిచాయి.

వదిన సుజాత దగ్గర ఉండిపోయింది. నేను వనపర్తిలో ఉద్యోగం చేసుకుంటూ రెండు రోజులకోసారి బస్సులో వెళ్లి వచ్చేవాణ్ని. భయం విమానంతో ఆగలేదు. ఓసారి పనిమీద గద్వాల పోతుంటే బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద బస్సు ఊగింది. కడ్డీ పట్టుకున్న చెయ్యి అవతలి ఒడ్డు వచ్చినా విడలేదు, కండక్టరు వేళ్లు విప్పాడు. గ్రంథాలయంలో పై అరకు వేసే నిచ్చెన నాలుగో మెట్టు మీద కళ్లు తిరిగాయి. పై అరల పుస్తకాలు అడిగినవాళ్లకు లేవని చెప్పడం మొదలుపెట్టాను.

ఊళ్లో వాళ్లకు ఎలా తెలిసిందో తెలిసింది. రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైర్డు పంతులు కిష్టయ్య సారు, నలుగురి ముందు బల్ల మీద చెయ్యి కొట్టి అడిగాడు.

"ఏం సారు, నడిమిట్ల ఆపుమన్నవంట గద విమానం? మబ్బుల మీద స్టేజీ ఉందా ఏంది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వెగటు. నా బిడ్డ నాగర్‌కర్నూల్‌లో కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని, పక్కకు తిరగడానికి కూడా అడిగి తిరుగుతోంది. ఇక్కడ అది కథ అయిపోయింది, నేను దానికి నవ్వుతున్నాను.

మందులు కూడా ఊళ్లోంచే వచ్చాయి. ఒకరు తాయెత్తు కట్టారు. ఒకరు నిమ్మకాయ వాసన చూడమన్నారు. ఏడాది మైల తీరకముందే గాల్లోకి పోయావు, చనిపోయినామె ఒప్పుకోలేదు అని ఒకరు చెప్పారు. జయమ్మ కూతురి కడుపు మీద కాలు వేయిస్తుందా అని అడగాలనిపించింది. అడగలేదు. ఎక్కేముందు రెండు పెగ్గులు వేసుకోవాల్సింది అన్నాడు ఒక సహోద్యోగి. చెప్పేవాళ్ల ముఖాల్లో ఒక తృప్తి ఉంటుంది. జబ్బుపడ్డవాడికి అది వెంటనే కనబడుతుంది. తాయెత్తు పదిరోజులు కట్టుకుని తిరిగాను కనుక వాళ్లను అనే హక్కు కూడా నాకు లేదు.

సెప్టెంబరు చివర ఒక ఉదయం, ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపల సుజాతకు స్కానింగు. గర్భిణులు, వాళ్ల అత్తలు, గోడకు ఆనించిన సంచులు, ఫినాయిలు వాసన. కింద గచ్చు, కదలని బెంచీ. అయినా చేతులు వణకడం మొదలైంది. చొక్కా తడిసింది. నాలుక మొద్దుబారింది. ఎదుటి గోడ మీద బోర్డు చదవలేకపోయాను. నేల మీద కూర్చున్నా విమానం వచ్చి పట్టుకుందనుకున్నాను. ఇక ఇదే బతుకు అనుకున్నాను.

మరియమ్మ అని ఒక నర్సు అటుగా పోతూ ఆగింది. నా చెయ్యి పట్టుకు చూసింది.

"షుగర్ ఉందా సారూ?"

"ఉంది."

"పొద్దున గోళి ఏసుకున్నరా?"

"ఏసుకున్న."

"ఏం తిన్నరు?"

"ఏం తినలేదమ్మా. బస్సు ప్రయాణం గద."

ఆమె లోపలికి పోయి గ్లాసులో చక్కెర నీళ్లు కలుపుకుని వచ్చి, నా చేతులు నిలవడం లేదని తనే తాగించింది. తన టిఫిను డబ్బా తెరిచి రెండు ఇడ్లీలు కాగితంలో పెట్టింది. ముద్దలు చేసి ఇచ్చింది. పదిహేను నిమిషాల్లో వణుకు ఆగిపోయింది. బోర్డు మీద అక్షరాలు అక్షరాలయ్యాయి. కాన్పుల గది, లోనికి రాకూడదు అని ఉంది.

"చదువుకున్నోళ్లు గద సారూ. గోళి పని జేయనీకె లోపల ఏమన్న ఉండాలె. లేకుంటె గది మిమ్ములనే తింటది. ఎన్ని దినాల సంది గిట్ల జేస్తున్నరు?"

లెక్క చెప్పాను. మద్రాసు విమానం, పోర్ట్‌బ్లెయిర్ విమానం, నాగర్‌కర్నూల్ బస్సులు. చెబుతుంటే నాకే అర్థమైంది. వంతెన మీద పోయిన రోజు కూడా పస్తే. ఆమె తిట్టలేదు. డబ్బా మూత పెట్టుకుని, "ఇగ పొద్దున తినకుంట బస్సెక్కకండ్రి" అని వెళ్లిపోయింది. ఆ పూట ఆమె ఏం తిన్నదో నాకు తెలియదు.

వనపర్తి వచ్చి, ఆరోగ్యం అరలో ఒక పుస్తకం తీశాను. ఖాళీ కడుపున ఆ గోళీ వేసుకోకూడదని, వేసుకుంటే ఏమవుతుందో, ఒళ్లు ఎలా వణుకుతుందో, మనిషి తెలివి తప్పి ఎలా ప్రవర్తిస్తాడో, పామరుడికి కూడా అర్థమయ్యేట్టు ఒక పేజీలో రాసి ఉంది. ఆ పుస్తకానికి అట్ట వేసింది నేనే. దాన్ని ఎన్నోసార్లు జనానికి ఇచ్చి, తిరిగి తీసుకుని, అరలో పెట్టాను. నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందు కలగలేదు. విమానంలో కూడా కలగలేదు. అక్కడ కనీసం చనిపోతున్నానన్న గొప్ప అయినా ఉంది. ఇప్పుడు అదీ లేదు. రెండు ఇడ్లీలు తినని మనిషి, కూతురి కడుపు తొక్కాడు.

మరుసటి సారి వెళ్లినప్పుడు సుజాతకు చెప్పాను. నిజం చెప్పాలంటే, బస్సులో పోతూ వాక్యాలు కూడా కూర్చుకున్నాను. తప్పు నాది కాదని తేలింది అన్న సంతోషం నా గొంతులో ఉండే ఉంటుంది. ఆమె పైకప్పు చూస్తూ అంతా విన్నది.

"అయితే తప్పు గోళిది. నీది గాదు."

వెక్కిరించిందో, ఓదార్చిందో తెలియలేదు. 

"నాయిన, నేను అమ్మా అన్న గద. ఇన్నవా?"

"ఇన్న."

"ఇని గూడ నన్ను తొక్కుకుంట పోయినవ్."

వదిన చేతిలో పండు కోస్తున్న కత్తి ఆగింది.  గోళీ మాట ఇంకోసారి ఎత్తలేదు. సుజాతే నా వైపు తల తిప్పి, "పోనీ తియ్యి. ఇయ్యాల తిని వచ్చినవా లేదా?" అని అడిగింది.

అక్టోబరులో ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువ, ఏడుపు ఎక్కువ. వదిన గుడ్డలో చుట్టి నా ముందు పట్టుకుని, "జూస్కో మరిదీ. ఒంటి మీద ఎక్కడ మచ్చ లేదు, ఎక్కడ వంకర లేదు. ఇగనన్న జర అన్నం తిను" అంది. ఆమె చెప్పినా నేను వెతికాను. కాళ్లు, చేతులు, నెత్తి, వీపు. ఏమీ లేదు. ఆ తర్వాత వరండాలోకి వచ్చి ఏడ్చాను. మరియమ్మ చూసి, చూడనట్టు వేరే వైపు నుంచి పోయింది. అదీ ఒక మేలే.

2007 ఫిబ్రవరిలో రమేష్ సెలవు పెట్టి వచ్చి, తల్లీబిడ్డలను తీసుకుపోయాడు. సాగనంపడానికి గద్వాల స్టేషను దాకా వెళ్లాను. నన్ను రమ్మని ఎవరూ అనలేదు.

2008 జనవరిలో సుజాతకు టైఫాయిడు వచ్చింది. రమేష్ ఫోను చేశాడు. పాపను చూసుకునే మనిషి లేదు, తన పని ఇంకో దీవిలో ఉంది. "రాగలవా మామ? రాలేనంటే ఏం పర్వా లేదు. ఎవర్నన్న చూస్త" అన్నాడు. ఆ పర్వా లేదు అన్న మాటలో అతను నన్ను ఎక్కడ పెట్టాడో అర్థమైంది. వస్తానన్నాను.

డాక్టరును అడిగి గోళీ వేళలు మార్చుకున్నాను. మద్రాసులో నాలుగు ఇడ్లీలు తిన్నాను. జేబులో గ్లూకోజు పెట్టుకున్నాను. నడవా పక్క సీటు అడిగాను. ఇక భయం ఉండదని, పోయినసారి జరిగిందంతా ఆకలేనని నాకు నేను చెప్పుకున్నాను.

భయం వచ్చింది. విమానం మొదటిసారి ఊగగానే, కడుపులో నాలుగు ఇడ్లీలు ఉండగానే, పూర్తిగా వచ్చింది. తేడా ఒక్కటే. ఈసారి నాకు తెలివి ఉంది. ఎదుటి సీటు మీది అక్షరాలు చదవగలిగాను. నేను భయపడుతున్నానని నాకు తెలుసు. ఇంతకాలం గోళీ మీద వేసిన దాంట్లో కొంత నాదేనని కూడా తెలిసింది.

ఎక్కుతూనే అక్కడ పనిచేసే అమ్మాయితో, నాకు విమానమంటే భయం, పోయినసారి లేచి అల్లరి చేశాను అని చెప్పాను. అలా చెప్పడానికి నోరు రావడం ఎక్కడం కంటే కష్టమైంది. ఆమె నవ్వలేదు. కుదుపులు మొదలయ్యాక అటూ ఇటూ పోతూ నా దగ్గర ఆగి, నా సీటు మీద చెయ్యి వేసి, ఇంకో పది నిమిషాలు అని చెప్పేది. మళ్లీ పోయేది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. బెల్టు మీదికి పోకుండా. పాదాలు కిందికి అదిమిపెట్టాను. లేవకుండా ఉండటం ఒక్కటే నా పని అనుకున్నాను. ధైర్యం కోసం ప్రయత్నించలేదు. అది నాకు లేదు. నాకు చేతనైంది కూర్చోవడం. గంటా ముప్పావు కూర్చున్నాను. తిమ్మిరెక్కిన చేతులు విమానం దిగేదాకా స్వాధీనంలోకి రాలేదు.

అప్పటి నుంచి ఇంకో మూడుసార్లు ఎక్కాను. ప్రతిసారీ భయం వచ్చింది. ప్రతిసారీ కూర్చున్నాను. పోయిందని చెప్పేవాళ్లు ఉంటారు, నాకు పోలేదు. ఇలాంటి భయం ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ. షుగర్ గోళీ వేసుకునేవాళ్లు దయచేసి తినకుండా ఏ బండీ ఎక్కకండి. ఇంట్లో పెద్దవాళ్లు ఏం చెప్పినా సరే. భయముంటే ఎక్కకముందే ఎవరికైనా చెప్పండి. నేను లోకం ఏమంటుందోనని దాచాను. లోకం ఎలాగూ అన్నది. మధ్యలో దెబ్బ తిన్నది వేరేవాళ్లు.

2009లో అక్కడి పని అయిపోయి రమేష్ కుటుంబం నాగర్‌కర్నూల్ వచ్చేసింది. ఈ వేసవిలో ఒక రోజు వాళ్లను వనపర్తికి తీసుకురావడానికి వెళ్లాను. బస్సులో నేను ముందు ఎక్కి ఇద్దరు పట్టే సీటులో కూర్చుని, పక్కన చెయ్యి పెట్టి చోటు ఉంచాను. సుజాత పాపను ఎత్తుకుని ఎక్కింది. చోటు చూసింది. చూసి, నాలుగు వరుసలు ముందుకు వెళ్లి ఆడవాళ్ల సీటులో కూర్చుంది. "తాత కాడ కూసుంట" అని పాప దిగబోయింది.

"వద్దు బిడ్డ. ఈడ కూసో. తాతను ఆడ్నుంచి జూడు" అంది సుజాత.

గొంతులో కోపం లేదు. గోపాల్‌పేటలో బస్సు ఆగినప్పుడు వెనక్కి తిరిగి, తిన్నావా నాయిన అని నన్ను అడిగింది కూడా. తిన్నానన్నాను. వియ్యంకులతో, వదినతో, ఊళ్లో వాళ్లతో ఆమె ఆ రోజు సంగతి ఎన్నడూ ఎత్తలేదు. నాకు జ్వరమొస్తే వచ్చి వండిపెడుతుంది. నా గోళీల డబ్బా తనే సర్దుతుంది. పాపను నా దగ్గర వదిలి పనిమీద బయటికి పోతుంది. కానీ బండి కదిలేటప్పుడు ఆమె ఒంటికి ఏదో గుర్తొస్తుంది. నా ఒంటికి గుర్తొచ్చినట్టే. దాన్ని మార్చమని అడిగే అర్హత నాకు లేదు.

ఇప్పుడు నేను పక్కన చోటు ఉంచడం లేదు. బస్సయినా, రైలయినా, మేమిద్దరం ఒక సీటులో కూర్చోవడం మానేశాం.